రెండు నూర్ల పదమూడో మాను

బెంగళూరు చలి నాకు పడదు. మా అమ్మాయి అక్కడ ఇల్లు మారింది. కొత్త ఇంటి ముందు పెద్ద చెట్టుంది, వసారాలో కూర్చుంటే కొమ్మలు చేతికి అందుతాయి, వచ్చి నాలుగు రోజులు ఉండి పొమ్మని నెల రోజులు ఫోను చేస్తే పోయాను. మా ఎమ్మిగనూరులో బండ మీద నీళ్లు చల్లితే చుయ్యిమనే కాలం అది. అక్కడ దిగేసరికి నాకు ముక్కు కారింది. ఎండకాలంలో దుప్పటి కప్పుకుని పడుకునే ఊరిని నేను నమ్మను. ఎండంటే ఎండలా ఉండాలి, వానంటే వానలా ఉండాలి. అక్కడ రెండూ కాని సన్నటి తుంపర ఒకటి మధ్యాహ్నం మూడింటికి వచ్చి, ఆరేసిన బట్టలన్నీ తడిపి, పిలవని చుట్టంలాగా మళ్లీ వెళ్లిపోతుంది. మా అల్లుడు, ఆ వీధిలోవాళ్లు, చివరికి పాలు పోసేవాడు కూడా ఆ చల్లదనాన్ని తామే చేసి పెట్టినట్టు మాట్లాడతారు. మా బెంగళూరు గాలి ఎట్లుందని అల్లుడు అడిగితే బాగుందన్నాను. అల్లుడితో ఇంకేమంటాం.

ఇంటి ముందరిది నిద్రగన్నేరు. పొద్దు వాలేసరికి ఆకులన్నీ ముడుచుకుని, మనతో మాటలు చాలించినట్టు నిలబడుతుంది. రెండో రోజు కూరగాయలకని అమ్మాయితో కిందికి దిగినప్పుడు దాని మొదలు చూశాను. మనిషి ఎత్తున చిన్న రేకు కొట్టి ఉంది. రేకు మీద నంబరు. పక్క చెట్టుకూ ఉంది, ఆ పక్కదానికీ ఉంది. ఇదేమిటే అని అడిగితే, "చెట్లను లెక్కపెట్టుకున్నారమ్మా, ఎవరూ కొట్టకుండా" అంది. నాకు ఒళ్లు మండింది. కూరగాయలూ వద్దు ఏమీ వద్దని వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ తర్వాత వసారాలో కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఏమైందమ్మా, ఎవరేమన్నారమ్మా అని అది రెండు రోజులు నా వెంట తిరిగింది. ఇంత వయసు వచ్చాక కూతురి దగ్గర దాచడమెందుకని కూర్చోబెట్టి చెప్పాను. దానికి చెప్పిందే ఇది.

నేను బెంగళూరు చూడటం అదే మొదలు, కానీ ఆ ఊరి చెట్లన్నీ నాకు చిన్నప్పుడే తెలుసు. మా ఎదురింటి ఈరన్న పెదనాయన నోటితోనే చూపించాడు. ఆయన మా నాయనకు పెదనాయన కొడుకు, వయసులో పెద్ద. ఒకే ఇంటివాళ్లం, వీధికి ఆ పక్క వాళ్లు, ఈ పక్క మేము. ఆయన మగ్గం గుంటలో దిగినవాడు కాడు. వీధిలో వాళ్లు నేసిన తువాళ్లూ చీరలూ మూటలు కట్టుకుని బెంగళూరు అంగళ్లకు వేసి వచ్చేవాడు. వచ్చిన మర్నాడు అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని మొదలుపెట్టేవాడు. రైలు ఎక్కుతా పోతుందంట, ఎక్కుతానే పోతుందంట, ఆ ఊరు అంత ఎత్తున ఉందంట, అందుకే అక్కడ సూర్యుడికి కోపం లేదంట. రోడ్డుకు రెండు పక్కలా మాన్లంట. ఒక నెల ఊదారంగు, ఒక నెల పసుపు, ఒక నెల తురాయి ఎరుపు, ఆకు కనపడకుండా పూస్తాయంట. రాలిన పూల మీద కారు పోతే చప్పుడే రాదంట. చెప్పేటప్పుడు ఆయన గొంతు మెత్తబడిపోయేది. సొంత పిల్లల గురించి కూడా ఆయన అంత మెత్తగా మాట్లాడగా నేను వినలేదు. మార్గశిరంలో మాకు పొద్దున పూట కాస్త చలి తగిలితే చాలు, బెంగళూరులో కొన్న ఊలు కోటు తొడుక్కుని వీధిలో తిరిగేవాడు. చెట్లను కొట్టేవాడికి చెట్టు అందం తెలియదని అనుకుంటారు గానీ, ఆయనకు తెలిసినంత మా ఊళ్లో ఎవరికీ తెలియదు. అంతా చెప్పి చివరికి మా ఇంటి తట్టు గడ్డం ఎత్తి చూపించేవాడు. "ఆ మాన్లు సూసినంక, ఈ యాపమాన్లను మాన్లనల్లంటే నోరు రాదప్పా."

ఆ వేపమాన్లు నాలుగు. మా వాకిలి ముందు నుంచి వీధి పొడుగునా ఒకదాని వెనక ఒకటి, కొమ్మలు కలుపుకుని ఉండేవి. మా నాయన బతుకంతా వాటి కింద. ఆయన పని పడుగులకు గంజి పట్టించడం. పడుగంటే మగ్గం మీద పొడుగ్గా సాగే నూలు. గంజి పట్టకపోతే మగ్గం దెబ్బకు ఆ నూలు నిలబడదు. దాన్ని రెండు కొసల్లో కత్తెరగా కట్టిన వెదురు బొంగుల మీద వీధి పొడుగునా సాగదీసి, గంజి రుద్ది, పెద్ద కుంచెతో ఈ కొస నుంచి ఆ కొసకు దువ్వుకుంటూ నడవాలి. గంజి నెమ్మదిగా ఆరాలి. నీడలో ఆరిన పోగు తీగలా సాగుతుంది, ఎండలో ఆరిన పోగు పుల్లలా విరుగుతుంది. మా వీధే కాదు, వెనక వీధి వాళ్లు కూడా పడుగులు భుజాన వేసుకుని మా మాన్ల కిందికే వచ్చేవాళ్లు. నాయన వీధి దాటకుండా రోజుకు ఎన్ని మైళ్లు నడిచేవాడో. కాళ్లు పగిలి, ఆ పగుళ్లలోకి గంజి పోయి ఆరి, రాత్రి అమ్మ ఆముదం రాస్తే గరగరలాడేవి.

అమ్మ కోడి కూయకముందే లేచి పెద్ద కుండలో గంజి కాచేది. పులిసిన గంజి వాసన మా ఇంటి వాసన. గోడలకు, దుప్పట్లకు, మా జడలకు అదే. బడిలో పక్క పిల్ల ముక్కు మూసుకుంటే మొదట్లో సిగ్గుపడ్డాను గానీ, నాలుగో తరగతితో బడి మాన్పించాక ఆ సిగ్గు అవసరం లేకపోయింది. మా అవ్వ, అంటే నాయన తల్లి, రెండో మాను కింద చాప వేసుకుని తెగిన పోగులు అతికేది. చూపు సరిగా ఆనేది కాదు, వేళ్లే చూసేవి. ఉమ్మి తడి చేసి బొటనవేలితో ఒక్క మెలి తిప్పితే ఎక్కడ తెగిందో ఆ పోగుకే తెలియదు. వేపపూత రాలే రోజుల్లో తడి నూలు మీద పూత అంటుకునేది. దాన్ని దులపడం నా పని. కాకి రెట్ట వేస్తే అమ్మ ఆ కాకిని, దాని తల్లిని, గూడు కట్టిన రోజును కలిపి తిట్టేది. మిగిలిన గంజి, కుండ కడిగిన నీళ్లు మాన్ల మొదళ్లలో పోసేవాళ్లం. కొళాయి నీళ్లు మాన్లకు పోసేంత భాగ్యం మాకు ఏనాడూ లేదు. మన గంజి తాగి బలిసినాయి ఇవి, మీ అందరికంటే వీటికే ఒంట్లో సత్తువ ఎక్కువని అవ్వ అనేది.

మా ఊరి ఎండ గురించి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. పదింటికే బండలు కాలేవి. మాఘంలో ఆకు రాలి మాన్లు బోసిపోయిన నెల రోజులు కొమ్మలకు గోనె పట్టాలు కట్టుకుని పని చేసేవాళ్లం. ఆషాఢంలో కోసిగి తట్టు నుంచి గాలి లేస్తే దుమ్ము పడుగు మీద పడి, తెల్ల నూలు రాత్రికి బూడిద రంగులో ఉండేది. ఇన్నిట్లోనూ నాయనకు ఉన్న ఆసరా ఆ నాలుగు మాన్ల నీడ. అది పోతే ఆయనకు వేరే పని చేతకాదు. ఇది మా ఇంట్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఈరన్న పెదనాయనకు ఇంకా బాగా తెలుసు.

ఆయన బేరం పెరిగి, మూటలు పోయి లారీ వచ్చింది. లారీ ఆయన వాకిటికి రావాలంటే మా మొదటి మాను దగ్గర తిరగదు, కొమ్మలు తగులుతాయి. రెండు మాన్లు తీసెయ్యమని మొదట మంచిగానే అడిగాడు. నాయన తల ఎత్తకుండా కుంచె ఆడిస్తూనే చెప్పాడు. "నీ లారీకి ఊరంతా దోవ ఉందన్నా. నా పడుగుకు ఈ నీడ ఒకటే." అక్కడి నుంచి చెడింది. పెద్దమ్మ తన వాకిలి ఊడ్చిన చెత్తను మా తట్టుకు తోసేది. మా అమ్మ దాన్ని రెండింతలు చేసి తిరిగి అప్పజెప్పేది. ఆయన బర్రెను తెచ్చి మొదటి మానుకు కడితే అది రోజంతా బెరడు గీకేది. పండుగ పూట ఇచ్చిపుచ్చుకునే పిండివంటలు నిలిచిపోయాయి. మేము పిల్లలం మాత్రం ఎదురింటి పిల్లలతో ఆడుకునేవాళ్లం, కనపడితే రెండు పక్కలా తన్నులు తినేవాళ్లం.

ఒక వానకాలం మొదట్లో, అన్ని మాన్లూ పచ్చగా ఉండగా మొదటి మాను పసుపు తిరిగింది. నాయన మొదలు తవ్వి చూశాడు, చెదలు లేదు. అవ్వ గోడ పట్టుకుని వచ్చి, బెరడుకు ముక్కు ఆనించి, చుట్టూ తిరిగి ఒక చోట నిలబడిపోయింది. ఇంగువ అంది. మా ఇంట్లో ఇంగువ ఎరగం. రోజూ మధ్యాహ్నం తిరగమోత వాసన వచ్చేది ఎదురింటి నుంచే. నాయన కత్తితో గీకితే బొటనవేలు పట్టేంత తూటు, పైన బంకమట్టి మెత్తి ఉంది, లోపల ఉసిరికాయంత ఇంగువ ముద్ద. ఇంగువ కుక్కితే ఎంత మానైనా చస్తుందని మా తట్టు నమ్మకం. ఇంగువకే చచ్చిందో, మొదట్లో కాగే నీళ్లు కూడా పోశారో, ఆ మాను మళ్లీ చిగురు వేయలేదు.

మా అమ్మ ఆయన ముందర ఎన్నడూ గొంతు ఎత్తనిది, ఆ రోజు నేరుగా పోయి ఆయన అరుగు ముందు నిలబడింది. "సచ్చిన మానును నువ్వే కొట్టుకో బావా. మిగిలిన మూడిట్లో ఒకదానికి ఇంగువ వాసన వచ్చిందంటే, మీ ఇంటి పులుసులో ఏం పడతాదో నాకే తెలీదు." ఆయన నవ్వాడు. కోపం వచ్చినా బాగుండేది. "మాన్లు యీదివి, యీది సర్కారుది. యాడన్నా మీ ఆయన పేరు రాసిండాదా మాని మింద?" అన్నాడు. రాసిండాదా అన్న ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. నాకప్పుడు పదేళ్లు.

ఆ తర్వాత నూలు కోసం నాయన ఆదోనికి పోతూ నన్ను కూడా బస్సులో తీసుకుపోయాడు. ఆ రోడ్డుకు రెండు పక్కలా చింతమాన్లు, వేపమాన్లు. అన్నిటికీ నడుం ఎత్తున ఎర్రమన్ను పట్టీ, సున్నం పట్టీ, సున్నం మీద నల్లటి అంకెలు. కిటికీలోంచి చదువుకుంటూ పోయాను. ఎందుకు నాయనా ఈ నంబర్లు అంటే, సర్కారు మాన్లు పాపా, నంబరుండే మానును ఎవడూ ముట్టకూడదు, ముట్టితే జైలే అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మా ఊరి మొదట్లో ఆఖరి చింతమాను నంబరు గుర్తు పెట్టుకున్నాను. రెండు నూర్ల పన్నెండు.

మా ఊళ్లో ఎవరూ ఎవరినీ చూడని వేళ ఒకటే, ఎండకాలం నడి మధ్యాహ్నం. తలుపులు దగ్గరికి వేసి, తడిగుడ్డలు కప్పుకుని అందరూ పడుకుంటారు. కుక్కలు కూడా కాలువలో దూరి కళ్లు తెరవవు. ఉగాదికి గోడలకు వేసి మిగిలిన సున్నం ముంతలో ఉంది. అరుగు అంచులకు పూసే ఎర్రమన్ను ఉంది. కుండ అడుగు మసి గీకి ఆముదంలో కలిపాను. వేపపుల్ల నమిలి కుంచె చేసుకున్నాను. మూడు మాన్లకూ నడుం ఎత్తున ఎర్ర పట్టీ, తెల్ల పట్టీ వేసి, సున్నం ఆరాక రాశాను. ఒకటి నుంచి మొదలుపెడితే ఎవరైనా అనుమానపడతారని నాకు తోచింది. సర్కారు లెక్క ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే ఎత్తుకున్నాను. రెండు నూర్ల పదమూడు, పద్నాలుగు, పదిహేను. నా చదువు నాకు పనికొచ్చిందని ఆ ఒక్క రోజే అనిపించింది. అరికాళ్లు బొబ్బలెక్కాయి గానీ నొప్పి తెలియలేదు.

సాయంత్రం వీధి వీధంతా మాన్ల చుట్టూ మూగింది. సర్కారోళ్లు ఎప్పుడొచ్చి పోయినారని ఒకరంటే, నేను చూసినాను, ఖాకీ బట్టలు ఇద్దరు అని ఒకరన్నారు. కాదు జీపు వచ్చిందని ఇంకొకరు. నాయన వచ్చి అంకె మీద వేలు పెట్టి చూశాడు. మసి వేలికంటింది. ఇంకా ఆరలేదే అని తువ్వాలు కొసకు తుడుచుకున్నాడు. అంతే. ఈరన్న పెదనాయన వచ్చి మూడు మాన్లూ దగ్గరగా చూసి ఇంట్లోకి పోయాడు. అప్పటి నుంచి బర్రె మళ్లీ మా మానుకు కట్టలేదు, కొమ్మ విరగలేదు. లారీ మాట ఎత్తితే చూద్దాం లేప్పా అనేవాడు. ఆయన భయపడ్డాడని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. చెడుగా బతికినవాడు సర్కారుకైనా భయపడ్డాడని అమ్మ మురిసిపోయింది. నేను లోపల్లోపల ఎంత మురిశానో చెప్పలేను. అంకెలు వెలిసిపోతే ఎవరూ చూడకుండా మళ్లీ దిద్దేదాన్ని.

రెండు ఎండకాలాలు గడిచాయి. మూడో ఏడు ఆదోని రోడ్డు వెడల్పు చేస్తారని, మాన్లన్నీ వేలానికి పోయాయని చెప్పుకున్నారు. నెల రోజులు రంపాల చప్పుడు దూరం నుంచి దగ్గరికి వస్తూ ఉంది. బస్సులో వచ్చినవాళ్లు రోడ్డు బోడిగుండులా అయిందని చెప్పేవాళ్లు. నాయన దిగులు పడలేదు. రోడ్డు యాడ, మన వీధి యాడ అన్నాడు. ఆఖరి చింతమాను పడిన మర్నాడు పొద్దున, ఆరుగురు మనుషులు రంపాలు, మోకులు తీసుకుని మా వీధిలోకి వచ్చారు. అప్పుడే నాయన పడుగు సాగదీసి గంజి రుద్దాడు, ఒక కొస కూడా ఆరలేదు. నేను నడవలో రాట్నం ముందు నూలు కండెలు చుడుతున్నాను.

వాళ్ల మేస్త్రీ బళ్లారి తట్టు మనిషి. రంపం దింపకుండానే నంబరు చదివాడు. వెతుకులాడిన వస్తువు దొరికినట్టు ఆయన గొంతులో సంతోషం. నాయన అడ్డం పోయి, ఇవి మా వీధివి, రోడ్డువి కావు, కాగితం చూపించమన్నాడు. కాగితం కంట్రాక్టరు దగ్గర ఉందన్నాడు మేస్త్రీ. "నంబరు లేని మానును నేను ముట్టనప్పా. నంబరుండే మానును ఇడిసిపెట్టను. రెండు నూర్ల పన్నెండు నిన్న పడింది. పదమూడు ఈడ ఉంది. ఇంక నన్నేం సెయ్యమంటావు?" నాయన ఆదోనికి పోయి కంట్రాక్టరును అడిగి వస్తాను, సాయంత్రం దాకా ఆగమని చేతులు పట్టుకున్నాడు. ఆ మేస్త్రీ చెడ్డవాడు కాడు, అది నేను ఇప్పటికీ అంటాను. కాసేపు ఆలోచించి ఇంకొక దారి చెప్పాడు. ఇది ఎవరో తుంటరితనానికి రాసిన నంబరైతే, రాసినవాళ్లు వచ్చి నా ముందర ఒక్క మాట చెప్పమను, నేను రంపాలు ఎత్తుకుని పోతానన్నాడు.

నడవలో నాకు అంతా వినపడుతోంది. ముట్టితే జైలే అన్న మాట ఒకటే తలలో తిరుగుతోంది. ముట్టితేనే జైలైతే రాస్తే ఏమవుతుంది? నాయన వీధిలో నిలబడి అడగడం విన్నాను. "ఎవరన్నా రాసినారా అప్పా? రాసింటే సెప్పండి. నేను ఒక్క మాట అనను." వీధిలో ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగాడు. కాసేపాగి మూడోసారి అడిగాడు. నేను రాట్నం పిడి రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. నోరు తెరవలేదు.

అవ్వ చాప మీద నుంచి లేవనంది. నన్ను కూడా కొట్టుకుపోండి అంది. ఇద్దరు మనుషులు చాప నాలుగు కొసలూ పట్టుకుని, అవ్వతో సహా ఎత్తి, ఎదురింటి అరుగు మీద దించారు. మా అవ్వను ఆ అరుగు మీద కూర్చోబెట్టడమే నాకు మాను పడిన దానికంటే ఎక్కువ మండింది. తడి పడుగు చుట్టబెట్టడానికి కూడా టైము ఇవ్వలేదు. ఒక పక్క అమ్మ, ఒక పక్క నాయన పీకి లాగితే పోగులన్నీ చిక్కుపడ్డాయి. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి మా వీధిలో నీడ లేదు. అన్నాళ్లూ నీడలో ఉన్న మా ఇంటి గోడ అంత తెల్లగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. కళ్లు తెరవలేకపోయాను.

సాయంత్రం పొయ్యిలోకని రాలిన పుల్లలు ఏరుతున్నాను. ఈరన్న పెదనాయన కాఫీ గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. నెమ్మదిగా, బెంగళూరు చెట్ల గురించి చెప్పే గొంతుతోనే అన్నాడు. "నువ్వు రాసేతప్పుడే మా మిద్దె మింద నుంచి సూసినా పాపా. ఒకటి వంకర పోయింది. తక్కినవి బాగా రాసినావు." నేను పుల్లలు కింద పడేశాను. "బెంగళూరులో సూసినా నేను. రోడ్డు పెద్దది సెయ్యల్లంటే ముందు మాన్లకు నంబరేస్తారు. నంబరు పడిన మాను బతకడం నేను యాడా సూళ్లేదు. నాకెందుకు ఇంగువ దండగని ఊరికే ఉంటి." ఒక గుక్క తాగాడు. "మీ నాయనకు సెప్తావేమో, సెప్పు. రాసింది ఎవరో గూడా సెప్పల్ల మరి."

చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆయనా నేనూ ఒక గుట్టుకు ఆ కొసా ఈ కొసా పట్టుకున్నట్టయింది. ఆయన దాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు లాగేవాడు. నలుగురిలో నన్ను నంబరు పాపా అని పిలిచేవాడు. ఎందుకట్లా పిలుస్తావని ఎవరైనా అడిగితే లెక్కల్లో గట్టిది లేప్పా అనేవాడు. నేను ఎదురింటి పెద్దమ్మతో నీళ్ల దగ్గర పోట్లాడితే, అరుగు మీద నుంచి రెండు నూర్ల పదమూడు అని ఊరికే, గాలితో అన్నట్టు అనేవాడు. నేను బిందె తీసుకుని వచ్చేసేదాన్ని. నా పెళ్లి రోజు పల్లకీ ముందు నిలబడి, మా రెండు నూర్ల పదమూడు అత్తగారింటికి పోతాంది అన్నాడు. అందరూ నవ్వారు. నాయన కూడా ఏమీ తెలియకుండా నవ్వాడని ఆ రోజు అనుకున్నాను.

మాన్లు పోయాక నాయన ఒక ఏడాది పెనుగులాడాడు. చీకటితో లేచి ఎండ రాకముందే గంజి పట్టించాలని చూశాడు. పట్టాలు కట్టాడు, గాలికి చినిగాయి. విరిగిన పోగులు తిరిగి వస్తుంటే ఒక్కొక్కరే పడుగులు వేరే చోటికి తీసుకుపోయారు. అవ్వ పోగులు అతికి అతికి వేళ్లు పగిలి ఆ చలికాలంలోనే పోయింది. చివరికి నాయన బొంగులు విప్పి దొడ్లో పడేసి ఆదోనికి పోయాడు, పత్తి మిల్లులో పనికి. నలభై ఏళ్లు నిండిన మనిషి, నూలు తప్ప తెలియని చేతులతో పత్తి బోరాలు మోశాడు.

ఇప్పుడు మా వీధి చూస్తే అక్కడ మాన్లుండేవని ఎవరూ నమ్మరు. సిమెంటు రోడ్డు. ఈరన్న పెదనాయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన కొడుకుల కరెంటు మగ్గాలు పగలూ రాత్రీ కొడుతుంటాయి, లారీలు తిన్నగా వాకిటికి వస్తాయి. ఎండకాలంలో ఆ ఇంటి కిటికీకి పెట్టిన పెట్టె లోపలికి చల్లదనం పోసి, వేడిని మా తట్టుకు ఊదుతుంది. ఆయన ఉన్నప్పుడు చెత్త మా తట్టుకు తోసేవాళ్లు, ఇప్పుడు వేడి తోస్తున్నారు, అంతే తేడా. ఎవరో వచ్చి ఇనప కంచెలు పెట్టి మొక్కలు నాటి ఫోటోలు తీసుకుపోయారు. మొక్కలు ఎండిపోయాయి, కంచెలకు తువాళ్లు ఆరేస్తున్నారు. మధ్యాహ్నం బస్సు దిగినవాళ్లు కరెంటు స్తంభం నీడలో ఒకరి వెనక ఒకరు నిలబడతారు. అది చూసినప్పుడు నాకు జాలి రాదు. కోపమే వస్తుంది. ఆ వీధి ఆ రోజు నోరు తెరవలేదు. వాళ్లకేం తెలుసు అంటుంది మా అమ్మాయి. తెలియకపోవచ్చు. తెలిసిన నేను కూడా తెరవలేదు కదా, నా కోపంలో అదీ ఉంది.

నంబర్ల సంగతి నాయనకు చెప్పింది ఆదోనిలో. నన్ను ఇచ్చింది కూడా ఆ ఊరే, ఎమ్మిగనూరు ఇంటికి తిరిగి వచ్చింది చాలా తర్వాత. వారానికొకసారి మిల్లు సెలవు రోజు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. ఎంత కడుక్కున్నా కనుబొమలకు పత్తి దూది అంటుకునే ఉండేది. దగ్గు అప్పటికే మొదలయింది. ఒకసారి జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ తింటూ, ఈరన్న అన్న చిన్న కూతురి పెళ్లట, కార్డు పంపినాడు, నువ్వూ రావాలి అన్నాడు. నేను రానన్నాను. పాత పగలు ఎన్నాళ్లు మోస్తావు పాపా అన్నాడు. ఇంగువ పెట్టినాడంటే మనం కళ్లతో చూసినామా, మాన్లు సర్కారువి, నంబరు పడింది, పోయినాయి, అందులో ఆయన తప్పేముందన్నాడు. ఆ మనిషిని మా నాయన వెనకేసుకుని రావడం నేను ఓర్చుకోలేకపోయాను. కడుపులో ఉన్నదంతా కక్కేశాను. సున్నం, మసి, మిద్దె మీద నుంచి ఆయన చూడటం, కాఫీ గ్లాసు, నంబరు పాప, అన్నీ. చెబుతూ ఏడ్చాను. ఇంక ఆయన మీద మా నాయనకు కోపం వస్తుంది, ఆ కోపం మా ఇద్దరిదీ అవుతుంది అనుకున్నాను.

నాయన రొట్టె ముక్క కంచంలో పెట్టేశాడు. చేయి కడుక్కుని వచ్చి, గడప దగ్గర నిలబడి, బయటికి చూస్తూ చెప్పాడు.

"ఈరన్నకు మాన్లు పోవల్లని ఉన్నింది. దాచుకోలేదు. ఆయప్ప సంగతి నాకు ముందే తెలుసు. నేను ఆ పొద్దు మూడు తూర్లు అడిగినా. మొదటి రెండు తూర్లు యీదిని అడిగినా. మూడో తూరి మన వాకిలి తట్టు తిరిగి అడిగినా పాపా."

ఆముదం మసి వాసన ఆయనకు వేలు పెట్టిన రోజే తెలిసిందా అని నేను అడగలేదు. ఆయన చెప్పులు తొడుక్కుని మిల్లు తట్టుకు పోయాడు, సెలవు రోజని కూడా మరిచిపోయి. ఆ తర్వాత కూడా వారం వారం వచ్చాడు, తిన్నాడు, పిల్లలను ఎత్తుకున్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ పెళ్లికి నేను పోలేదు. నాయన ఉతికిన పంచె కట్టుకుని, ఒక్కడే బస్సెక్కి పోయి, భోజనం చేసి వచ్చాడు.